వైఫై ఒకటే, అవసరాలు నాలుగు

విశాఖ ఉక్కునగరంలో చాలా క్వార్టర్లలో సాయంత్రం ఏడయితే ఇదే సీను. స్టీల్ ప్లాంట్‌లో పొద్దుటి ఎ షిఫ్ట్ ముగించుకొచ్చిన తండ్రి ఓ కునుకు తీసి లేచి టీవీలో ఓటీటీ సినిమా పెట్టారు. లోపలి గదిలో కూతురు ఆన్‌లైన్ మాక్ టెస్ట్ రాస్తోంది. కొడుక్కి అమెరికా క్లయింట్‌తో మీటింగ్. తల్లి ఫోన్ పెళ్లి వీడియోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తోంది. ఆ సంగతి ఆవిడకే తెలియదు. కాసేపటికి "హలో, వినబడుతోందా?" అని కొడుకు కేక, "నెట్ ఎవరు వాడేస్తున్నారు?" అని కూతురి కేక. ఆనక అందరూ కలిసి కేబుల్ అబ్బాయిని తిట్టడం.

మందెక్కువైతే మజ్జిగ పలచన అని సరిపెట్టుకోకండి, లెక్క వేయండి. హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్ చాలు. వీడియో మీటింగ్‌కు 3, 4 సరిపోతాయి. మాక్ టెస్టుకు ఒకటి కూడా అక్కర్లేదు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయల ప్లాన్‌లో ఇస్తామన్న 15 ఎంబీపీఎస్‌తోనే ఈ మూడూ నడిచిపోవాలి. అసలు చిక్కు ఆ పెళ్లి వీడియోలతోనే. అప్‌లోడ్ దారి నిండితే మిగతావాళ్ల డేటా వెనక ఆగిపోతుంది. మీటింగ్‌లో మాట ముక్కలవుతుంది. టెస్టులో 'నెక్స్ట్' నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇంటికి బయటి నుంచి వచ్చే ఐపీ అడ్రస్ సాధారణంగా ఒకటే. రౌటర్ లోపలి కంప్యూటర్లకు తలా ఒక నంబరు (చాలా ఇళ్లలో 192.168తో మొదలయ్యేది) ఇచ్చి, ఏ జవాబు ఎవరిదో గుర్తుపెట్టుకుని చేరవేస్తుంది. ఈ పద్ధతిని నాట్ అంటారు. అంత జ్ఞాపకశక్తి ఉన్నా దానికి విచక్షణ మాత్రం లేదు. మన విశాఖ పోర్టులో ఇన్నర్ హార్బర్‌కి ఏ ఓడ ముందు, ఏది తర్వాత అని చెప్పడానికి మనుషులున్నారు. మామూలు రౌటర్‌కు పరీక్షయినా సినిమాయినా ఒకటే. ముందెవరో తేల్చాల్సింది ఇంట్లోవాళ్లే.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అవసరాన్ని కేకవేసి కాదు, ముందే చెప్పండి. "ఏడు నుంచి ఎనిమిదిన్నర నాకు మీటింగ్" అని పొద్దున్నే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక్క లైను పెడితే సగం గొడవ పోతుంది. "బిల్లు కట్టేది నేనే" అనే మాట వద్దు. ఆ మాటకు ఎదురు చెప్పలేక పిల్లలు నోరు మూసుకుంటారు, పరీక్ష మాత్రం పాడవుతుంది. రిలీవర్ వచ్చి, అన్నీ అప్పగించాకే ప్లాంట్‌లో సీటు వదిలే మనిషికి ఇంట్లో ఓ మాట చెప్పడం కష్టమా? ఫోటోల బ్యాకప్‌ను సి షిఫ్ట్‌కి మార్చండి. రాత్రి పది దాటాక దాంతో ఎవరికీ పేచీ లేదు.

ఇక చేతిపని. కదలని కంప్యూటర్‌కీ టీవీకీ ల్యాన్ కేబుల్ వేయండి. మామూలు క్యాట్ 5ఇ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, ఇంటికి అందులో పదోవంతు చాలు. ఆ మేరకు వైఫై మిగతావాళ్లకు ఖాళీ అవుతుంది. రౌటర్‌ను టీవీ వెనకో ఇనప బీరువా పక్కనో దాచేస్తారు చాలామంది. ఇనుము సిగ్నల్‌కు అడ్డం. హాలు మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి. దగ్గరున్నవాళ్లు 5 గిగాహెర్ట్జ్, గోడల అవతలివాళ్లు 2.4 వాడుకోవచ్చు.

పాస్‌వర్డ్ అడిగే పక్కింటివాళ్ల సంగతి? కనెక్షన్ మీ పేరున ఉంది. దాని మీదుగా ఎవరు ఏ పాడు పని చేసినా మొదటి ఫోన్ మీకే వస్తుంది. నవ్వుతూ "కుదరదండీ" అనడం నేర్చుకోండి. చుట్టాలొస్తే గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, వెళ్లాక ఆపేయండి.

ప్లాన్ పెంచే ఆలోచన ఉంటే ఓ నెల వాయిదా వేయండి. ఈ ఆదివారమే అందరూ కూర్చుని ఎవరికి ఏ వేళ నెట్ తప్పనిసరో రాసి, ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.