జనగామ పల్లెలకు స్వాతంత్ర్యము వచ్చిన విధము

భారతదేశము 1947 ఆగస్టు 15వ తేదీన స్వతంత్రమైనది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు మాత్రము నాడు నిజాము ఏలుబడిలోని హైదరాబాదు సంస్థానమున నుండెను. బ్రిటిషువారు వెడలిన పిదప నిజాము స్వతంత్రుడుగా నుండదలచెను. నవంబరు 29న యథాతథపు ఒడంబడిక జరిగెను. 1948 సెప్టెంబరు 13న భారతసేన ప్రవేశింపగా, 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ఇది అందరెరిగిన చరిత్రయే.

పల్లెవానికి నిజాముకంటె గడీ దగ్గర. పన్ను వసూలు పూర్వము దేశ్‌ముఖుల చేతిలో నుండెడిది. సాలారుజంగు సంస్కరణలచే ఆ పని సర్కారు ఉద్యోగులకు మారినప్పుడు, లెక్కలెరిగిన దేశ్‌ముఖులు అనేకులు సాగుభూములను తమ పేర పట్టా చేయించుకొనిరి. దున్నువానికి ఆ సంగతియే తెలియదు! పైగా వెట్టి యుండెను. చాకలి బట్టలుదుకవలెను, కుమ్మరి కుండలీయవలెను, మాదిగ చెప్పులు కుట్టవలెను. కూలి లేదు. మా పాఠకులైన పంచాయతీ సభ్యులలో కొందరి తాతలు ఈ వెట్టి చేసినవారే యై యుందురు.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు సాగుచేసిన పంటను విసునూరు దేశ్‌ముఖు కాజేయజూచెను. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు పంట కోసి ఆమె యింటికి చేర్చిరి. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై గడీవారి మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య మరణించెను. అప్పటినుండి పోరాటము గ్రామగ్రామమునకు ప్రాకెను. సంఘములు భూములు పంచిపెట్టెను. సేన వచ్చిన తరువాత కొందరు భూస్వాములు తిరిగివచ్చి ఆ భూములను మరల స్వాధీనపరచుకొనిరి. అందుచే 1948తో అన్నియు చక్కబడినవని మేము వ్రాయజాలము. సాయుధ పోరాటము 1951 అక్టోబరు వరకు సాగెను.

చట్టములు ఒక్కొక్కటిగా వచ్చెను. 1949లో జాగీర్లు రద్దైనవి. 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కు కల్పించెను. అయితే ఆ హక్కు దక్కుటకు కౌలుదారుని పేరు గ్రామపు లెక్కలలో నమోదై యుండవలెను. ఆ లెక్కలు వ్రాయువాడు పట్వారి. 1952 ఎన్నికలలో వయోజనులందరు ఓటు వేసిరి. తరువాత పంచాయతీలు ఏర్పడి, గ్రామస్థులు సర్పంచును ఎన్నుకొనసాగిరి. పటేలు, పట్వారీల వంశపారంపర్యాధికారము మాత్రము 1984లో గాని పోలేదు. సేన వచ్చిన ముప్పదియారు సంవత్సరముల వరకు, ఊరిలో ఎవరి భూమి ఎంతయో తెలుపు పహాణీ పట్వారి చేతిలోనే యుండెను.