పాత కారు ఇరుసులో ఏముంది?

అమెరికాలో ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 వరకు ‘మోడల్ టి’ అనే కారును తయారుచేసింది. ఒకే నమూనాలో కోటి యాభై లక్షల కార్లు! పాత కార్లంటే ఇష్టపడేవారు వాటిలో కొన్నింటిని నేటికీ బాగుచేసి నడుపుతున్నారు. అలాంటి కారు వెనుక ఇరుసుకు విడిభాగాలు కావలసివచ్చిందనుకోండి. ఏ భాగం కావాలో తెలిసేదెలా? దొరికిన భాగం సరైనదేనని తేల్చుకొనేదెలా? ముందుగా ఒక్కొక్క భాగం చేసే పని తెలుసుకుందాం.

పళ్ళు లెక్కపెట్టండి

ఇంజను శక్తిని ఒక పొడవాటి కడ్డీ వెనుకకు తీసుకువస్తుంది. దాని చివర పినియన్ అనే చిన్న గేరు ఉంటుంది. ఇది ఒక పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. మోడల్ టి కారులో మామూలుగా పినియన్‌కు 11 పళ్ళు, పెద్ద చక్రానికి 40 పళ్ళు ఉంటాయి. 40ని 11తో భాగిస్తే సుమారు 3.64 వస్తుంది. అంటే కడ్డీ 3.64 సార్లు తిరిగితే పెద్ద చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, తిప్పే బలం పెరుగుతుంది.

కొన్ని కార్లకు 13, 39 పళ్ళ జత వేసి ఉంటుంది. దీని నిష్పత్తి సరిగ్గా 3. చదును రోడ్డు మీద ఈ కారు ఎక్కువ వేగంగా పోతుంది కాని, ఎత్తు ఎక్కటానికి కష్టపడుతుంది. ఒక జతలోని పినియన్‌ను మరో జతలోని చక్రానికి కలిపితే పళ్ళు సరిగా కుదరవు. అందుచేత ఏ జత ఉందో తెలియకుండా గేరు కొనకూడదు.

విప్పకుండానే తెలుసుకోవచ్చు

మలుపులో బయటివైపు చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. అందుకే ఇరుసును రెండు ముక్కలుగా చేసి, మధ్య ‘డిఫరెన్షియల్’ అనే గేర్ల పెట్టెను అమర్చారు. ఇందులోని మూడు చిన్న గేర్లు రెండు చక్రాలనూ వేరు వేరు వేగాలతో తిరగనిస్తాయి. రెండు చక్రాల చుట్ల సగటు ఎంతో, పెద్ద పళ్ళ చక్రం అన్ని చుట్లే తిరుగుతుంది.

కారు నుంచి తీసిన ఇరుసును దిమ్మల మీద కదలకుండా పెట్టి, కడ్డీ ముందు కొసకు సుద్దతో గుర్తు పెట్టాలి. ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకొని, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. సగటు ఒక చుట్టు. కడ్డీ మూడు చుట్లు తిరిగితే 13, 39 జత. మూడున్నర దాటితే 11, 40 జత.

చిన్న బిళ్ళ, పెద్ద ప్రమాదం

పినియన్ పెద్ద చక్రాన్ని తిప్పటమే కాదు, పక్కకు తోస్తుంది కూడా. ఆ తోపుడును భరించటానికి డిఫరెన్షియల్‌కు రెండు వైపులా బిళ్ళలు ఉంటాయి. వీటినే థ్రస్ట్ వాషర్లు అంటారు. ఫోర్డు వీటిని బాబిట్ అనే మెత్తని మిశ్రలోహంతో చేసింది. ఏళ్ళు గడిచేకొద్దీ బాబిట్ పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోతుంది. అప్పుడు పెద్ద చక్రం పక్కకు జరిగి, పినియన్ పళ్ళ నుంచి విడిపోతుంది.

దీనివల్ల కారు ముందుకు పోకుండా ఆగిపోతుంది, అంతే కదా అనుకొంటున్నారా? కాదు! మోడల్ టి కాలి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ముందున్న గేరుపెట్టెలో ఉంటుంది. అది కడ్డీని ఆపితే, పళ్ళ ద్వారా చక్రాలు ఆగుతాయి. పళ్ళు విడిపోతే కాలి బ్రేకు ఉన్నా లేనట్టే. కొండ దిగుతున్న కారుకు ఇక చేతి బ్రేకే దిక్కు. అదేమో కారును నిలిపి ఉంచటానికి పెట్టిన చిన్న బ్రేకు.

ఈ లోపం పైకి కనిపించదు. ఇరుసు విప్పి చూడటమే మార్గం. బిళ్ళ బూడిదరంగులో ఉండి, మేకుతో గీస్తే సులువుగా గీత పడితే అది బాబిట్. పసుపు రంగులో గట్టిగా ఉంటే కంచు. బాబిట్ బిళ్ళ చూడటానికి బాగున్నా సరే, తీసి కంచు బిళ్ళ వేస్తారు.

భాగాలు దొరికేదెక్కడ?

కోటిన్నర కార్లూ ఒకే నమూనావి కావటం ఇక్కడ కలిసివచ్చింది. పాడైపోయిన ఒక కారు గేరు మరో కారుకు పనికివస్తుంది. కంచు బిళ్ళలను నేటికీ కొత్తగా తయారుచేస్తున్నారు. అయితే పాత భాగాన్ని కొనేముందు పళ్ళు విరిగాయేమో, ఇరుసు కొన అరిగిందేమో చూడాలి. ఒకే నమూనా అయినా సంవత్సరాన్నిబట్టి కొన్ని మార్పులు జరిగాయి. కాబట్టి పాత భాగాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి కొలవాలి.

మీరే చేయండి: మీ సైకిలు ముందు, వెనుక పళ్ళ చక్రాల పళ్ళు లెక్కపెట్టండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కకట్టి, తిప్పి సరిచూడండి.

ఆలోచించండి: పైన చెప్పిన ఇరుసులో కడ్డీని కదలకుండా పట్టుకొని, ఒక చక్రాన్ని ముందుకు తిప్పితే రెండో చక్రం ఎటు తిరుగుతుంది? సగటు సున్నా కావాలని గుర్తుంచుకొంటే జవాబు మీకే తడుతుంది!