ఇంటి జనరేటరు

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ అను పెనుతుపాను విశాఖపట్టణము చెంత తీరము దాటెను. ఆ గాలికి మహావృక్షములు కూకటివ్రేళ్లతో పెకలిపోయెను. వేలకొలది విద్యుత్ స్తంభములు నేలకూలెను. నగరమంతయు అంధకారమున మునిగెను. చీకటినైనను కొవ్వొత్తితో కొంత తొలగించుకొనవచ్చును గాని, నీటి కేమి చేయవలెను? మోటారు తిరిగిననే గాని మేడమీది తొట్టిలోనికి నీరెక్కదు. కొన్ని పేటలకు కరెంటు మరల వచ్చుటకు చాల దినములు పట్టెను. ఆ దినములలో జనరేటరు గల ఇల్లు ఇరుగుపొరుగు వారి కెల్ల పెద్దదిక్కయ్యెను.

బాలలారా! అట్టి వీధి నొకదానిని, అందొక గృహస్థును ఊహించుకొనుడు. తుపాను వెలసిన మూడవనాడు ఆయన ఎక్కడనో వెదకి, మూడు కె.వి.ఏ. పెట్రోలు జనరేటరు నొకదానిని కొనితెచ్చెను.

తీగచుట్టకును అయస్కాంతమునకును నడుమ చలనము కలిగినచో ఆ తీగలో విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831లో కనుగొనెను. జనరేటరునందు జరుగునది ఇంతియే. పెట్రోలు మండి ఇంజను తిరుగును. ఇంజను అయస్కాంతమును త్రిప్పును. ఇట్టి చిన్నయంత్రములు చాలవరకు నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుచు, మన ఇండ్లకు అలవాటైన 230 వోల్టుల కరెంటునే ఇచ్చును. యంత్రము దొరకినది. దానిని ఇంటికి కలుపుటయే మిగిలినది.

గృహస్థు కరెంటు మేస్త్రిని పిలిపించెను. అతడు ప్రభుత్వపు లైసెన్సింగు బోర్డువారి వైర్‌మన్ పర్మిటు పొందినవాడు. కూలి బేరమాడువారే గాని పర్మిటు చూపుమని అడుగువారు లోకమున అరుదు.

"మేస్త్రీ! ఎక్కువ పని పెట్టుకొనకుము. ఒక తీగకు రెండు కొనలను ప్లగ్గులు బిగించి యిమ్ము. ఒక ప్లగ్గు జనరేటరులో పెట్టెదను, రెండవది గోడలోని సాకెట్టులో గ్రుచ్చెదను. ఇల్లంతయు వెలుగును గదా!" అని గృహస్థు అనెను.

"వెలుగును బాబుగారూ! అయినను ఆ తీగను నేను చేసి యివ్వను," అని మేస్త్రి బదులు పలికెను.

గృహస్థునకు కొంచెము కోపము వచ్చెను. మేస్త్రి అతనిని వీధి వాకిటికి తోడ్కొని వచ్చి, మలుపునందున్న ట్రాన్స్‌ఫార్మరును చూపెను.

"బాబుగారూ! అది 11,000 వోల్టులను తగ్గించి మన ఇండ్లకు పంపుచున్నది. ఇటునుండి కరెంటు ఎదురు వెళ్లినచో అదే ట్రాన్స్‌ఫార్మరు దానిని మరల వేల వోల్టులుగా పెంచును. రాకపోకలు రెండును దానికి ఒకటియే. సాకెట్టులో గ్రుచ్చిన కరెంటు మీ ఇంటితో ఆగదు. మీటరు దాటి తీగవెంట స్తంభమునకు పోవును. ఇప్పుడు స్తంభములమీద పనిచేయుచున్నవారిలో ఎందరో ఇతర జిల్లాలనుండి వచ్చినారు. సబ్‌స్టేషనునుండి లైన్ క్లియర్ తీసికొనియే వారు పనికి దిగుదురు. ఏ ఇంటిలో జనరేటరు కలదో వారికెట్లు తెలియును?"

"ఇంత చిన్న యంత్రము వీధికంతటికి చాలునా? ఆ భారమునకు అదే ఆగిపోవునేమో!"

"ఆగిపోవచ్చును. కాని మీ ఇంటి ప్రక్కనే తీగ తెగియున్నచో వీధి భారము దానిపై పడదు. అప్పుడు తీగలో ప్రాణము నిలిచియే యుండును."

"నేను ముందుగా మెయిన్ స్విచ్చి ఆపెదను."

"మీరు ఆపుదురు. మీరు ఊరిలో లేనిరాత్రి చీకటిలో మీ అబ్బాయి ఆపునా? ప్లగ్గు సాకెట్టునుండి ఊడివచ్చినచో ఆ ఇత్తడి ములుకులు కరెంటుతోనే చేతికి వచ్చును. బోర్డువారి కరెంటు హఠాత్తుగా వచ్చినచో రెండును ఢీకొని మీ క్రొత్త యంత్రము కాలిపోవును."

గృహస్థు మరి మాటాడలేదు. ఎంత ఖర్చగునో వ్రాసి యిమ్మనెను.

మేస్త్రి ముందు ఇంటిలోని సామగ్రిని లెక్కించెను. దీపములకు, పంకాలకు చిక్కు లేదు. మోటారు మాత్రము ఒక హార్స్ పవరు, అనగా 746 వాట్లు. అయితే మోటారు కదలునప్పుడు అంతకు కొన్ని రెట్లు లాగును. కావున నీరు తోడునంతసేపు ఫ్రిజ్ ఆపియుంచవలెనని అతడు ఇంటి యమ్మగారికి చెప్పెను.

యంత్రమును మెట్ల క్రింద పెట్టుదమని గృహస్థు తలచెను. వానకు తడవదు, దొంగలకు కనబడదు. మేస్త్రి దానికిని ఒప్పుకొనలేదు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన చోట అది నిండినచో నిద్రించువారు నిద్రనుండి లేవరు. అందుచే పెరటిలో, కిటికీలకు దూరముగా, నాలుగువైపుల గాలియాడునట్లు రేకు పందిరి వేయించిరి. చెంతనే గోయి త్రవ్వి, గొట్టము పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుగా నింపి ఎర్తు కలిపిరి.

పిదప మేస్త్రి ఫ్యూజులు ఊడదీసి, టెస్టరుతో చూచి, మీటరు తరువాత చేంజ్ ఓవర్ స్విచ్చి బిగించెను. దాని పిడి పైకెత్తిన బోర్డువారి కరెంటు, క్రిందికి దించిన జనరేటరు కరెంటు, నడుమ నిలిపిన ఏదియు లేదు. ఫేజు, న్యూట్రలు రెండును ఒక్కసారిగా మారును. రెండు కరెంటులను కలుపవలెనని ఎవరైన ప్రయత్నించినను ఆ పిడి అందుకు లొంగదు.

నాలుగు దినములు గడచెను. ఒక రాత్రి లైన్‌మన్లు వీధి చివర పనికి వచ్చిరి. ఆ ఇంటిలో దీపములు వెలుగుటయు, పెరటిలో చప్పుడును గమనించి, వారిలో నొకడు గేటువద్దకు వచ్చి, "బాబూ! జనరేటరు ఎట్లు కలిపితిరి?" అని అడిగెను. గృహస్థు అతనిని లోపలికి పిలిచి, టార్చి వేసి పిడిని చూపెను. లైన్‌మన్ తలయూపి వెడలెను. అయినను వారు తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించిన పిదపనే పనికి పూనుకొనిరి.

అర్ధరాత్రి దాటిన తరువాత ఎదురింటి దీపములు వెలిగెను. గృహస్థు పెరటిలోనికి పోయి ఇంజను ఆపెను. పిడిని నడుమకు తెచ్చి ఒక క్షణము నిలిపి, పైకెత్తెను.