పుట్టిలో వేట

పల్నాటికి సముద్రము లేదు, కృష్ణానది కలదు. మాచర్లకు చేరువనున్న నాగార్జునసాగర్ జలాశయమున జాలరి కుటుంబములు వెదురుబద్దలతో అల్లిన పుట్టిలో వేటకు పోవుదురు. భార్య తెడ్డు వేయుచుండగా భర్త వల విడుచును. గాలి హెచ్చినచో వెంటనే ఒడ్డు చేరుదురు.

వల కన్ను మరీ చిన్నదైనచో పిల్లచేపలును చిక్కును. శీలావతి, బొచ్చె వానకాలపు క్రొత్తనీటిలో లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. అప్పుడు తల్లిచేపను పట్టినచో ఒకపూట కూర దక్కును. మరుసటి సంవత్సరపు వేట తరుగును. సముద్రమునను ఇదియే నీతి. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యంత్రపు పడవల వేటను ప్రభుత్వము నిషేధించుచున్నది.

వేటయే జీవనమైన ఇంట వలను చుట్టిపెట్టుట కష్టమే. అయినను రేపటి కూడు ఆ ఓర్పులోనే యున్నది.