గీత పడ్డ చోట చూడు, బిడ్డా

నీ ప్రయోగం చెడిపోలేదు బిడ్డా. గ్రాఫీన్ అనే పలుచని కార్బన్ పొర పూసి, ఓవెన్‌లోంచి తళతళలాడుతూ వచ్చిన రాగిరేకు, షామీర్‌పేట ల్యాబ్ అలమరలో వానాకాలమంతా ఉండి, పూత లేని రేకు కన్నా నల్లబడిందంటే అది నీ చేతి దోషం కాదు. గ్రాఫీన్ గుండా హీలియం కూడా దూరదంటారు కదా, మరి ఆక్సిజన్ ఎలా దూరిందని అడిగావు. ఇదే ప్రశ్న ఇంతకుముందే కొందరు అడిగి, జవాబు కూడా రాసిపెట్టారు. ఆ పేపర్లు తిరగెయ్యకుండా ఇంకో రేకు కత్తిరించడానికి పరిగెత్తావు చూడు, ఈ తాత కోపమంతా దాని మీదే.

2011లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో రాడ్నీ రూఫ్ బృందం గ్రాఫీన్ పెంచిన రాగిని గాలిలో 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిచేసినా మెరుపు పోలేదు. పెన్నీ నాణేల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే, పూత లేనిది నల్లబడింది, ఉన్నది రంగు నిలుపుకుంది. మరుసటి ఏడాది వాండర్‌బిల్ట్ పరిశోధకులు గ్రాఫీన్ కింద రాగి 7 రెట్లు, నికెల్ 20 రెట్లు నెమ్మదిగా తుప్పుపడుతుందని కొలిచారు. నువ్వు చదివింది ఇక్కడివరకే. 2013లో బర్క్లీ నుంచి అలెక్స్ జెట్ల్ బృందం రాసిన పేపరుకు శీర్షికలోనే తీర్పు ఉంది: దీర్ఘకాలంలో ఈ పూత అసలేమీ లేకపోవడం కన్నా హీనం!

హీలియం పరీక్ష 2008లో కార్నెల్‌లో జరిగింది, గ్రాఫైట్ నుంచి ఒలిచిన మచ్చలేని చిన్న పొర మీద. నీ రేకు మీదున్నది వేలాది స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కున్న పొర. ఆ అతుకుల్లోంచి తేమ, ఆక్సిజన్ దూరతాయి. ఓవెన్‌లో నీరు లేదు కాబట్టి దూరినా నష్టం తక్కువ. అలమరలో తేమ తగలగానే కథ మారింది. గ్రాఫీన్ విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తుంది, పైగా రాగికన్నా ఉత్కృష్టం, అంటే రాగి అంత తేలిగ్గా కరగదు. రెండింటికీ తడి తగిలితే చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది, అందులో కరిగేది రాగే. పూత లేని రేకు మాత్రం తన మీద తానే ఆక్సైడ్ పొర కట్టుకుని వేగం తగ్గించుకుంది.

అందుకే ఈ తాత ఎప్పుడూ చెప్పేది: పూతను దాని నున్నదనం మీద కాదు, గీత పడ్డ చోట పరీక్షించాలి. ఈసారి మేడ్చల్ పారిశ్రామికవాడ వైపు వెళ్తే షెడ్ల మీది జీఐ రేకుల్ని, అంటే జింకు పూసిన ఇనుప రేకుల్ని, ఆగి చూడు. స్క్రూ దిగిన చోట, కత్తిరించిన అంచున ఇనుము బయటపడే ఉంటుంది. అయినా చాలా ఏళ్లు తుప్పు పట్టదు, ఎందుకంటే పక్కనున్న జింకు ముందుగా తాను కరిగి ఇనుమును కాస్తుంది. ఇప్పుడు తగరం పూసిన నూనె డబ్బా తీసుకో. బయట మేకుతో గీసి తడిలో పెడితే, ఆ గీతలో ఇనుము మామూలు కన్నా వేగంగా తుప్పుపడుతుంది. తగరం ఇనుము కన్నా ఉత్కృష్టం, అందుకని భారమంతా ఇనుము మీద పడుతుంది. రెండు పూతలూ మెరుస్తాయి, రెండూ ఇనుమును కప్పుతాయి, గాయం దగ్గర మాత్రం ఒకటి చుట్టం, ఇంకొకటి శత్రువు. గ్రాఫీన్ తగరం పక్షం. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే సగం పేపర్ల గొప్పలు నీ అంతట నువ్వే తూకం వెయ్యగలవు.

దారులు లేకపోలేదు. విద్యుత్తు ప్రసరించని హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్ పొరతో పులికెల్ అజయన్ బృందం 2013లోనే నికెల్‌ను 1100 డిగ్రీల దాకా కాపాడింది. గ్రాఫీన్ రేణువుల్ని రంగులో కొద్దిగా, ఒకదానికొకటి తగలకుండా కలిపితే తేమకు దారి మెలికలు తిరిగి పొడవవుతుంది. మన ఊళ్లోనే బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం వాళ్లు హలోయ్‌సైట్ అనే సన్నని మట్టి గొట్టాల్లో తుప్పు నిరోధకాన్ని నింపి సోల్-జెల్ పూతల్లో కలిపారు. గీత పడితే ఆ మందు అక్కడికే ఊరుతుంది. ఆ పేపర్లు ముందు చదువు, తర్వాత మీ గైడ్‌ని అడిగి అక్కడికి వెళ్లిరా.

మిగిలిన రేకుల్ని పారెయ్యకు. సగం వాటిపై వజ్రపు మొనతో గీత గీసి, పూత లేని రేకు పక్కనే తేమపెట్టెలో ఉంచు, వారానికోసారి ఫోటో తియ్యి. రేకులకు నంబర్లు వెయ్యడం ఈసారైనా మరిచిపోకు.