నాలుగు తంతుల పాఠం
— తృతీయ బి.ఎస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి

సావనీర్‌కు ఏదైనా రాయమని యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు "నాకు కవిత్వం రాదు, కథ అంతకన్నా రాదు. వచ్చిందల్లా బేస్ గిటార్ వాయించడం, అదీ అంతంత మాత్రం" అన్నాను. "అయితే దాని మీదే ఓ పాఠం రాసెయ్యరా" అన్నాడు. అందుకే ఈ సాహసం.

కాలేజీ డే నాడు స్టేజీ మీద వెనక వరసలో, డ్రమ్ముల పక్కన, లావు తీగల గిటార్ పట్టుకుని ఒకడు నిలబడతాడే, అతగాణ్ణి నేనే. ప్రోగ్రాం అయ్యాక మిత్రులు నన్ను వేసే ప్రశ్న ఏటా ఒక్కటే: "ఏరా, నిజంగా వాయిస్తావా, ఊరికే పట్టుకుని నుంచుంటావా? మాకేం వినపళ్ళేదే!" ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమూ, ఈ వాయిద్యం పట్టాలనుకునే జూనియర్లకు నాలుగు పనికొచ్చే మాటలు చెప్పడమూ ఈ వ్యాసం ఉద్దేశం.

అసలిదేమిటి?

మామూలు గిటార్‌కు ఆరు తంతులు. బేస్‌కు సాధారణంగా నాలుగే. లావు నుంచి సన్నానికి వాటి పేర్లు ఇ, ఎ, డి, జి. పౌనఃపున్యాలు వరసగా 41.2, 55, 73.4, 98 హెర్ట్జ్‌లు. అంటే మామూలు గిటార్‌లోని లావు తంతులు నాలుగింటికీ సరిగ్గా ఒక స్థాయి కింద అన్నమాట. పూర్వం పాశ్చాత్య సంగీతంలో ఈ పని మనిషి కంటే ఎత్తుండే డబుల్ బేస్ చేసేది. 1930లలో అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన మెట్లున్న విద్యుత్ బేస్ తయారు చేశాడు గాని అది వ్యాప్తిలోకి రాలేదు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తో ఈ వాయిద్యం లోకమంతా పాకింది. వీణకు మల్లే దీనికీ మెట్లున్నాయి కనుక వేలు పెట్టిన చోట స్వరం ఖచ్చితంగా పలుకుతుంది.

మనకిది పరాయి శబ్దమేమీ కాదు. 'సాగర సంగమం' (1983), 'గీతాంజలి' (1989) సినిమాలకు ఇళయరాజా కట్టిన పాటలు ఈసారి విన్నప్పుడు పాడే గొంతును కాసేపు వదిలేసి, అడుగున నడిచే లావు శబ్దాన్ని పట్టుకోండి. పాట కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది.

సోనామీటరు చెప్పిన లెక్క

ఇంటర్ ల్యాబ్‌లో సోనామీటరు ప్రయోగం అందరం చేశాం. తీగ మీద కాగితం ముక్క పెట్టి అది ఎగిరి పడేదాకా బ్రిడ్జిలు జరిపాం. రికార్డు రాసేసి మర్చిపోయాం. నాకు మాత్రం బేస్ చేతికొచ్చాక ఆ సూత్రం మళ్ళీ ఎదురైంది. తీగ పొడవు పెరిగితే పౌనఃపున్యం తగ్గుతుంది. తన్యత పెరిగితే వర్గమూలం చొప్పున పెరుగుతుంది. మీటరు తీగ బరువు పెరిగితే వర్గమూలం చొప్పున తగ్గుతుంది.

గిటార్ తంతి పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. అదే తీగ, అదే బిగువుతో ఒక స్థాయి కిందికి దించాలంటే పొడవు రెట్టింపు, అంటే 1,296 మిల్లీమీటర్లు కావాలి. అంత పొడుగు గిటార్‌ను భుజాన వేసుకుని వాయించడం కష్టం. అందుకని బేస్‌కు 864 మిల్లీమీటర్ల (34 అంగుళాల) పొడవుతో సరిపెట్టి, మిగతా లోటును బరువుతో పూడ్చారు. నడుమ ఉక్కు తీగ, దాని చుట్టూ మరో తీగ చుట్టలు. ఒకే లావు కడ్డీ పెడితే బిర్రబిగుసుకుపోయి స్వరం పలకదు. చుట్టిన తీగ బరువుగానూ ఉంటుంది, వంగుతుంది కూడా.

బిగువు సంగతి చూద్దాం. ఒక్కో తంతి మీద సుమారు 18 నుంచి 23 కిలోల లాగుడు ఉంటుంది. నాలుగూ కలిపితే 80 కిలోల దరిదాపు. మా వైపు వడ్ల బస్తా 75 కిలోలు. అంటే ఒక బస్తా బరువు రాత్రింబగళ్ళు ఆ చెక్క మెడను లాగుతూనే ఉంటుందన్నమాట! దాన్ని ఆపడానికి మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు ఊచ ఉంటుంది. వానాకాలంలో చెక్క తేమ పీల్చి మెడ వంపు మారితే ఆ ఊచ తిప్పాలి. ఒకేసారి పావు చుట్టు మించి తిప్పొద్దు. తిప్పాక ఒక రోజు ఆగి చూడాలి. నేను ఆత్రంకొద్దీ ఒక చుట్టు తిప్పి, తంతులు మెట్లకు తగిలి గిరగిరలాడితే, రెండు రోజులు అన్నం సహించక తిరిగాను.

కొత్త తీగల సెట్టు కొనడం హాస్టల్ విద్యార్థికి భారమే. చుట్టల సందుల్లో చెమట, జిడ్డు చేరి శబ్దం మొద్దుబారితే, తీగలు విప్పి పది నిమిషాలు నీళ్ళలో మరిగించి, వెంటనే గుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టండి. కొన్నాళ్ళు మళ్ళీ గణగణలాడతాయి. మెస్ గిన్నె మాత్రం వాడకండి. మా వంటాయన ఆ సాయంత్రం నాకు చారు పొయ్యనన్నాడు.

నేను బేస్ కొంటానన్నప్పుడు నాన్న వేసిన ప్రశ్న ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. "ఆరు తీగలది ఉండగా నాలుగు తీగలది ఎందుకురా, తక్కువకొస్తుందా?" తక్కువకు రాదు సరికదా, ఎక్కువే. మిరపకాయల డబ్బులొచ్చాక సెకండ్ హ్యాండ్‌ది కొనిపెట్టాడు.

ఎందుకు వినపడదు?

లోపం నాది కొంత, చెవిది కొంత. మన చెవి 3,000-4,000 హెర్ట్జ్‌ల దగ్గర చాలా చురుకు. 40, 50 దగ్గర మొద్దు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే దీన్ని కొలిచి వక్రరేఖలు గీశారు. పైగా అదే శబ్దతీవ్రత రావాలంటే స్వరం ఒక స్థాయి దిగినప్పుడల్లా స్పీకర్ కోను నాలుగింతలు ఎక్కువ దూరం ఊగాలి. అందుకే గిటార్‌కు 20, 30 వాట్ల ఆంప్లిఫయర్ సరిపోయే చోట బేస్‌కు 100 వాట్లు కూడా ఏ మూలకూ చాలవు. చిన్న స్పీకర్‌కు బేస్ తగిలించి వాల్యూం పెంచితే కోను చిరుగుతుంది. ఆంప్లిఫయర్ లేనివాళ్ళు డి.ఐ. బాక్స్ ద్వారా నేరుగా మిక్సర్‌కు ఇచ్చుకోవడం మేలు.

41 హెర్ట్జ్‌ల తరంగం పొడవు గాలిలో 8.3 మీటర్లు. నాలుగు మీటర్ల హాస్టల్ గదిలో అందులో సగం ఇరుక్కుని ఒక్కో స్వరం గుమ్మంటుంది, ఇంకోటి మాయమవుతుంది. స్పీకర్‌ను మూల నుంచి జరిపి చూడండి, తేడా తెలుస్తుంది.

అయినా వినపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఒకసారి రిహార్సల్‌లో నా వైరు ఊడింది. నేను సరిచేసుకునేలోపే పాడే కుర్రాడు శ్రుతి తప్పాడు, డ్రమ్మర్ పరుగు అందుకున్నాడు. ఎవడికీ కారణం తెలియలేదు. "ఏదో తేడాగా ఉందిరా" అన్నారంతే! అమెరికాలో మోటౌన్ సంస్థ పాటలకు 1960లలో వాయించిన జేమ్స్ జేమర్సన్ ఎన్ని పాటలను నిలబెట్టినా చాలా ఏళ్ళు రికార్డు అట్టల మీద అతని పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బం 'వాట్స్ గోయింగ్ ఆన్' మీద గాని అచ్చు కాలేదు. ఆయన కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడట. మనం చూపుడు వేలు, నడిమి వేలు మార్చి మార్చి మీటుదాం, చాలు.

సాధన

ఆంప్లిఫయర్ లేకపోయినా సాధన ఆగనక్కర్లేదు. బేస్ కొమ్మును చెక్క అలమరా తలుపుకు ఆనించి మీటండి. శ్రుతిదండం కాడను బల్లకు ఆనిస్తే శబ్దం పెరిగినట్టే, తలుపంతా కంపించి హాయిగా వినిపిస్తుంది. రాత్రిళ్ళు అయితే హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. పక్కగదివాడికీ పరీక్షలుంటాయి.

రోజూ అరగంట చాలు గాని మెట్రోనోమ్ ఉండాలి. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. నిమిషానికి 60 దెబ్బలతో మొదలెట్టండి. వేగంగా వాయించడం కంటే నిదానంగా వాయించడమే కష్టం. రెండు దెబ్బల మధ్య ఖాళీలో చెయ్యి ఆగదు, తొందరపడుతుంది. మీటడం సగం విద్య అయితే ఆపడం మిగతా సగం. ఒక తంతి మీటితే పక్క తంతులు కూడా గొణుగుతాయి. వాటిని బొటనవేలితోనో ఎడమచేతి వేళ్ళతోనో అదిమిపట్టాలి. కొడవలి పట్టిన చేతులు గదా, నాకేం అనుకున్నాను. కాయలు కాసింది అరచేతిలో, ఇక్కడ బొబ్బలెక్కింది వేళ్ళ కొసలు! రెండు వారాల్లో గట్టిపడ్డాయి. కాని మణికట్టు నొప్పి వస్తే మాత్రం పంతానికి పోకుండా ఆపెయ్యండి.

డ్రమ్ముల పక్కన నిలబడేవాళ్ళు చెవుల సంగతి కూడా చూసుకోవాలి. 85 డెసిబెల్స్ శబ్దం 8 గంటలకు మించి వినకూడదంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరకొచ్చేసరికి మిగిలేది పావుగంటే. ఇయర్ ప్లగ్స్ ఖరీదు తక్కువ, చెవుల ఖరీదు ఎక్కువ.

ప్రోగ్రాం నాడు

సంచిలో ఉండాల్సినవి: మరో వైరు, ట్యూనర్, బ్యాటరీ, ఒక తీగల సెట్టు, స్క్రూడ్రైవర్, టెస్టర్. చివరిదాని గురించే ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చెప్పాలి.

స్పీకర్ గుయ్‌మంటుంటే అది మన కరెంటు 50 హెర్ట్జ్‌ల శబ్దం. ఇ తంతి మీద మూడో మెట్టు 49 హెర్ట్జ్‌లు. అక్కడ నొక్కి మీటితే సెకనుకు ఒకటి చొప్పున విస్పందనాలు వినిపిస్తాయి. పాఠ్యపుస్తకంలోని బొమ్మ చెవికి తగిలినట్టుంటుంది. బాగానే ఉంది. కాని ఆ గుయ్‌మనే శబ్దం పోవడానికి కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తారు. శబ్దం తగ్గుతుంది, ప్రాణానికి ముప్పు వస్తుంది. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్‌సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్త్ లేని మైకు ముట్టుకుని స్టేజీ మీదే మరణించాడు.

పోయినేడు వినాయక చవితికి ఒక ఊళ్ళో మా ప్రోగ్రాం. పొద్దున వాన పడింది. పందిట్లో చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడ్డాం. పాడేవాడు మైకుకు పెదవి ఆనించి "ఒరే, చురుక్కుమంటోందిరా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా పక్క పొలం రైతు తడి చేత్తో మోటారు స్టార్టర్ డబ్బా తీసి పోయాడు. ఆ సాయంత్రమే నాన్న మా మోటారు దగ్గర గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి, ఎర్త్ కట్టించాడు. నేను నీళ్ళు పోశాను.

మైకుకు టెస్టర్ పెడితే వెలిగింది. ఆంప్లిఫయర్ పెట్టెకు పెట్టినా వెలిగింది. ప్లగ్గు చూస్తే మూడో పిన్ను లేదు. తడిసిన ఒంటి నిరోధం 1,000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తియ్యడానికి అందులో కొంత చాలు. "కమిటీ పెద్దలొచ్చేశారు, మొదలెట్టండి" అంటారు పందిట్లోవాళ్ళు. "ఏం కాదులేరా" అంటాడు డ్రమ్మర్. నేను బేస్ విప్పి కింద పెట్టేశాను. ఆఖరికి ఆ ఆంప్లిఫయర్ తీసేసి వేరేది తెప్పించి, ఎర్త్ పిన్ను ఉన్న ప్లగ్గులు వేయించి, ఊరి బడిలో సరైన ఎర్తింగూ, ఆర్.సి.సి.బి. స్విచ్చూ ఉన్న బోర్డు నుంచి మూడు పోగుల కేబుల్ లాగి, అన్నిటికీ కరెంటు ఆ ఒక్క చోటి నుంచే ఇచ్చాం. గంటన్నర ఆలస్యం. జనం ఈలలు. ఒప్పుకున్న డబ్బులో వెయ్యి రూపాయలు తగ్గించారు. డ్రమ్మర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంటికెళ్ళి చెబితే నాన్న కాసేపు ఊరుకుని, "ఆ వెయ్యీ నేనిస్తాలేరా" అన్నాడు.

జూనియర్లు గుర్తుంచుకోవలసింది ఇది. టెస్టర్ వెలిగితే ప్రమాదం ఖాయం, వెలగకపోతే క్షేమమని మాత్రం కాదు. తడి నేలలో ఊచ పాతితే అది ఎర్త్ అయిపోదు. 30 మిల్లీ ఆంపియర్లకే తెగే ఆర్.సి.సి.బి. ఉండాలి. గుయ్‌మనే శబ్దం పోవాలంటే వాయిద్యాలన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి, లేదా డి.ఐ. బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ప్లగ్గు పిన్ను జోలికి పోవద్దు. గిటార్ తంతులు ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఒక చేత్తో వాటిని పట్టుకుని కరెంటున్న మైకుకు పెదవి ఆనిస్తే దారి పూర్తయినట్టే!

ఒక మనవి

ఈ ఏడాదితో నా డిగ్రీ అయిపోతుంది. మన ఆర్కెస్ట్రాలో గిటార్‌కు ఐదుగురు, పాడటానికి పన్నెండుగురు ఉన్నారు. బేస్‌కు ఎవరూ లేరు. ఆసక్తి ఉన్నవాళ్ళు పరీక్షల లోపు ఏ సాయంత్రమైనా మ్యూజిక్ రూముకు రండి. శ్రుతి జ్ఞానం కొంచెం ఉన్నా చాలు, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. చప్పట్లు ముందు వరసకే వస్తాయని తెలిసే రండి.

ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థులకు కూడా ఒక విన్నపం. వచ్చే కాలేజీ డేకి మా ఆర్కెస్ట్రాకు ఏదైనా ఇవ్వాలనిపిస్తే కొత్త స్పీకర్లు వద్దు. ఏ ఊరికెళ్ళినా వెంట తీసుకెళ్ళడానికి ఆర్.సి.సి.బి. బిగించిన బోర్డు ఒకటి, ముప్పై మీటర్ల మూడు పోగుల కేబుల్ ఒకటి ఇప్పించండి.