తాలమానము – తలమానము: చిత్రసూత్రోక్త మానవరూప ప్రమాణము

విష్ణుధర్మోత్తర పురాణ తృతీయఖండమునందలి చిత్రసూత్రము మానవరూపమును ప్రమాణబద్ధముగా చిత్రించు విధానమును ఉపదేశించుచున్నది. దీనిని బోధించునపుడు ఒక సందేహము కలుగును. శాస్త్రము ఉత్తమపురుషుని ఎత్తు తొమ్మిది తాలములనుచుండగా, నేటి చిత్రకళాశాలలు మనుష్యుని ఎత్తు సుమారు ఏడున్నర తలలని నేర్పుచున్నవి. ఈ రెండును పరస్పర విరుద్ధములా? శాస్త్రోక్తము కేవలము దివ్యరూప కల్పనయా?

హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులను పంచపురుషులకు చిత్రసూత్రము వరుసగా 108, 106, 104, 100, 90 అంగుళముల ఎత్తును విధించినది. ఇచ్చటి అంగుళము కొలబద్దపై గుర్తించిన స్థిరమానము కాదు; ఎవని అంగుళము వానికే ప్రమాణము. కావున హంసుని రూపము గోడపై నున్నను, తాళపత్రముపై నున్నను, దాని ఎత్తులో 108వ భాగమే దాని అంగుళము. పండ్రెండంగుళములు ఒక తాలము.

హంసుని విభాగమిది: చీలమండవరకు పాదము 3, పిక్క 24, మోకాలు 3, తొడ 24, మేఢ్రమునుండి నాభికి 12, నాభినుండి హృదయమునకు 12, హృదయమునుండి కంఠమూలమునకు 12, కంఠము 4, ముఖము 12, లలాటముపై శిరోభాగము 2. మేఢ్రమునకు దిగువ 54, ఎగువ 54 అంగుళములు. దేహమధ్యము నాభి కాదని దీనివలన స్పష్టము.

సందేహమునకు సమాధానమును ఇందే కలదు. తాలమనగా ముఖమానము, అది కేశాంతమునుండి చుబుకమువరకే. తలయనగా ముఖమును, దానిపై శిరోభాగమును కలిసి 14 అంగుళములు. 108ని 14చే భాగింప సుమారు 7.7 వచ్చును. కావున నవతాల పురుషుడు తొమ్మిది తలల ఎత్తువాడు కాడు. ఆధునికులు చెప్పు మనుష్యునికి మిక్కిలి సమీపమున నున్నవాడే. తాల, తల శబ్దముల ధ్వనిసామ్యముచే మోసపోయి తొమ్మిది తలలు పేర్చిన విద్యార్థి రూపము 126 అంగుళములగును. అనగా ఒకటిన్నర తాలము అధికము.

అభ్యాసమునకు 27 సెంటీమీటర్ల నిలువుగీత అనుకూలము. అంగుళము రెండున్నర మిల్లీమీటర్లు, ముఖము 3 సెంటీమీటర్లు, తల మూడున్నర సెంటీమీటర్లు అగును. మొదట 13.5 సెంటీమీటర్లకడ మధ్యబిందువును గుర్తించి, పిదప తక్కిన విభాగములను నింపవలెను. చాచిన బాహువుల విస్తారము ఎత్తునకు సమానమై యుండవలెను.

ఈ మానము ఋజువుగా నిలిచి ఎదురై కనబడు రూపమునకే యథాతథముగా వర్తించును. ప్రక్కకు తిరిగిన రూపములయందు అవయవములు కురుచయై తోచుటను చిత్రసూత్రము క్షయవృద్ధి ప్రకరణమున వేరుగా నిరూపించినది. మానము నేర్చిన పిదపనే క్షయవృద్ధిని నేర్పుట బోధనాక్రమమునకు ఉచితము.